పడిశం ఛాతీలోకి దిగితే

(మా ఊరి పెన్షనర్ల భవనంలో ఒక విశ్రాంత ఛాతీ వైద్యులు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

నమస్కారమండీ. కూర్చోండి, కూర్చోండి. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? సరే.

మీ కార్యదర్శి గారు ఆస్తమా గురించి, సీఓపీడీ గురించి చెప్పమని నన్ను పిలిచారు. నేను మాత్రం ఎక్కువసేపు జలుబు గురించే మాట్లాడతాను. ఇంత వయసొచ్చిన డాక్టరు జలుబు గురించి చెప్పడానికొచ్చాడా అనుకుంటున్నారు కదా? అనుకోండి, ఫర్వాలేదు. ఛాతీ వార్డులో రోజూ జరిగేది చెప్తా వినండి. ఆయాసంతో స్ట్రెచర్ మీద ఒక పెద్దాయన వస్తాడు. ఎప్పట్నుంచి అని అడుగుతాం. "నిన్న రాత్రి నుంచండీ" అంటాడు ఆయన. పక్కన నిలబడ్డ భార్యని అడుగుతాం. "ఎక్కడ నిన్న రాత్రండీ, వారం కిందట మనవడి దగ్గర రొంప తగిలించుకున్నాడు, అప్పట్నుంచీ ఇదే వరస" అంటుంది ఆవిడ. ఇద్దరిలో ఎవరి మాట రాసుకోవాలి? ఆవిడ మాటే. నా అనుభవంలో దాదాపు ఎప్పుడూ ఆవిడ మాటే కరెక్టు.

పడిశం పది రోగాల పెట్టు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కాకపోతే ఊపిరితిత్తులు బాగున్నవాడికి అది వారం రోజుల చికాకు. ఊపిరితిత్తులు చెడిపోయినవాడికి వేరే సంగతి. ఆ వేరే సంగతి ఏమిటన్నదే ఇవాళ్టి విషయం.

ముందు జబ్బుల గురించి రెండు ముక్కలు. గాలి గొట్టాలు సన్నబడే జబ్బులు మన దగ్గర ముఖ్యంగా రెండు. ఒకటి ఉబ్బసం, మీరనే ఆస్తమా. వస్తుంది, పోతుంది, మధ్యలో మనిషి మామూలుగానే తిరుగుతాడు. రెండోది సీఓపీడీ. ఇది సాధారణంగా నలభై దాటాక బయటపడుతుంది, బయటపడ్డాక పూర్తిగా వెనక్కి పోదు. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్నే గళ్ళ, రాత్రి పిల్లికూతలు. 1990లో మన దేశంలో సీఓపీడీ ఉన్నవాళ్ళు సుమారు 2.8 కోట్ల మంది. 2016కి 5.5 కోట్లు. ప్రపంచం మొత్తం మీద 2019లో దీనితో పోయినవాళ్ళు 32 లక్షల మంది.

సిగరెట్లు తాగేవాళ్ళ జబ్బు కదా, మాకేంటి అంటారా? అమ్మా, ఇటువైపు కూర్చున్న ఆడవాళ్ళని అడుగుతున్నా. కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊది ఊది వంట చేసినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. చూశారా మాస్టారూ? దాదాపు అందరూ. ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది 1999లో. అంతకుముందు మీ వంటింట్లో మీరు పీల్చిన పొగ ఎక్కడికీ పోలేదు. సిగరెట్టు ముట్టకుండా సీఓపీడీ వచ్చినవాళ్ళు మన దేశంలో లెక్కలేనంత మంది, వాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. శ్రీకాకుళం వైపు చుట్ట నిప్పుకొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలున్నారు, వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

సరే, ఈ జబ్బులు ఉన్నాయి. మందులు వాడుతున్నారు. నెలల తరబడి బాగానే ఉంటారు. ఉన్నట్టుండి ఒకరోజు ఎగపోత. ఎందుకు? అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు. పెరుగన్నం తిన్నాను, ఫ్రిజ్జు నీళ్ళు తాగాను, వానలో తడిశాను, అమావాస్య దగ్గరికొచ్చింది. ఇవన్నీ నేను విన్నవే. అసలు సంగతి ఎవరు తేల్చారో చెప్తాను.

లండన్‌లో జాడ్విగా వెడ్జికా అని ఒక ప్రొఫెసర్ గారు. 1990ల్లో ఆవిడా, ఆవిడ బృందం తూర్పు లండన్‌లోని సీఓపీడీ రోగులకి తలా ఒక డైరీ కార్డు ఇచ్చారు. రోజూ ఎలా ఉందో రాయాలి. ఆయాసం ఎంత, గళ్ళ ఏ రంగు, ముక్కు కారుతోందా, గొంతు నొప్పి ఉందా. పొద్దున్నే ఊది చూసుకునే మీటరు లెక్క కూడా రాయాలి. అంతే. పెద్ద మిషన్లేం లేవు. ఆ డైరీలు ఏళ్ళ తరబడి చదివితే ఏం తేలింది? జబ్బు తిరగబెట్టిన ప్రతి వందసార్లలో 64 సార్లు దానికి ముందు జలుబు ఉంది. ముక్కులో వైరస్ కోసం పరీక్ష చేస్తే వందకి 39 సార్లు వైరస్ చేతికి చిక్కింది. చిక్కినవాటిలో సగానికి పైగా రైనోవైరస్, మామూలు జలుబు తెప్పించేది. ఆ రోజుల పరీక్షలకి ఆ మాత్రం దొరకడమే గొప్ప. పైగా రోగి డాక్టరు దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు వైరస్ తన పని ముగించుకుని వెళ్ళిపోతుంది.

ఇంకో సంగతి తేలింది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. తిరగబెట్టిన వాటిలో సగం డాక్టరు చెవిన పడనే లేదు. ఓర్చుకున్నారు. ఇంట్లో కూర్చున్నారు. మనం ఓర్చుకోమూ? మనం ఇంకా బాగా ఓర్చుకుంటాం!

పిల్లల ఆస్తమా సంగతి ఇంకా స్పష్టం. 1995లో ఇంగ్లండ్‌లోనే సెబాస్టియన్ జాన్‌స్టన్ గారి బృందం 9 నుంచి 11 ఏళ్ళ బడిపిల్లల్ని గమనించింది. పిల్లికూతలు వచ్చినప్పుడు, మీటరు పడిపోయినప్పుడు పరీక్షిస్తే నూటికి 80 పైన సందర్భాల్లో వైరస్ ఉంది. ఎనభై! ఇంక పెరుగన్నం మీద నేరం మోపడం ఎందుకు?

వానలో తడిస్తే జలుబు రాదా అని ఆ చివర బాబాయిగారు నవ్వుతున్నారు. దానికీ ప్రయోగం జరిగిందండీ. ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ దగ్గర 1946 నుంచి 1990 దాకా జలుబు మీద పరిశోధనకే ఒక కేంద్రం నడిచింది. కొత్తగా పెళ్ళయిన జంటలు కూడా ఉచితంగా తిండీ బసా దొరుకుతాయని అక్కడికి వెళ్ళి జలుబు తగిలించుకునేవాళ్ళట. అక్కడ కొందరిని స్నానం చేయించి, తడిబట్టలతో గాలి కొట్టే వసారాలో నిలబెట్టారు. ఒణికారు పాపం. వైరస్ ఇవ్వనివాళ్ళకి జలుబు రాలేదు. జలుబు మనిషి నుంచి మనిషికి వస్తుంది, మబ్బు నుంచి రాదు.

డైరీలు చూపించేది ముందు జలుబు, తర్వాత ఆయాసం అని. ఒకటి ముందొచ్చింది కాబట్టి రెండోది దానివల్లే అని ఎలా అంటాం? లాయరు గారెవరైనా ఉంటే అడుగుతారు. అడగాలి కూడా. అందుకని జాన్‌స్టన్ గారితో పాటు పాట్రిక్ మాలియా అనే డాక్టరు, ఇంపీరియల్ కాలేజీలో, లండన్‌లో, కొంచెం ధైర్యమైన పని చేశారు. సీఓపీడీ మరీ ముదరని 13 మంది ఒప్పుకున్నారు. వాళ్ళ ముక్కులో కొలిచి కొలిచి కాస్త రైనోవైరస్ వేశారు. సీఓపీడీ లేని మరో 13 మందికీ వేశారు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. రెండు గుంపులవాళ్ళకీ జలుబు వచ్చింది. జబ్బు లేనివాళ్ళకి అక్కడితో సరి. సీఓపీడీ వాళ్ళకి ముందు ముక్కు, గొంతు. కొన్ని రోజుల తర్వాత ఛాతీ. దగ్గు, గళ్ళ, ఆయాసం, ఊదితే మీటరు తగ్గడం. అదే వైరస్, అదే మోతాదు. వీళ్ళ ఊపిరితిత్తుల్లో వైరస్ ఎక్కువగా పెరిగింది, ఎక్కువ గోల చేసింది. లాయరు గారికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఎందుకలా అన్నది చూద్దాం. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి మీరు.

గాలి గొట్టం లోపలి గోడ మీద సన్నటి నూగు ఉంటుంది. నాట్లేసిన మడిలో పైరు గాలికి ఒకే వైపు వాలుతూ లేస్తున్నట్టు ఆ నూగు ఊగుతూ కఫాన్ని, దుమ్ముని పైకి తోస్తూ ఉంటుంది. రాత్రీ పగలూ. మనకి తెలియను కూడా తెలియదు. పొగ ఏళ్ళ తరబడి తగిలినవాళ్ళకి ఆ నూగు అప్పటికే సగం చచ్చిపోయి ఉంటుంది. మిగిలిన దాని మీద వైరస్ పడుతుంది. ముఖ్యంగా ఫ్లూ వైరస్ గోడ మీది కణాల్ని చంపి రాల్చేస్తుంది. అవి మళ్ళీ మొలవడానికి వారాలు పడుతుంది. ఈలోపు కఫం పైకి తోసేవాడు లేడు.

రైనోవైరస్ అంతగా కణాల్ని చంపదు. అది ఇంకోలా దెబ్బ తీస్తుంది. ఆ వైరస్ రకాల్లో ఎక్కువ భాగం కణంలోకి దూరాలంటే కణం మీద ఐకామ్-1 అనే ఒక ప్రొటీను పట్టుకోవాలి. వాపు ఉన్న గొట్టాల్లో ఆ ప్రొటీను ఎక్కువగా ఉంటుంది. ఇంక తలుపు తీసి పెట్టినట్టే కదా? పైగా వైరస్ దూరాక అది ఇంకా పెరుగుతుంది. మామూలుగా వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి పక్క కణాల్ని హెచ్చరిస్తుంది. ఉబ్బసం ఉన్న కొందరిలో, సీఓపీడీ వాళ్ళలో ఆ హెచ్చరిక ఆలస్యంగానో, నీరసంగానో వెళ్తుంది. ఈలోగా వైరస్ పెరిగిపోతుంది. ఆ తర్వాత తెల్లకణాలు మూకుమ్మడిగా దిగుతాయి. వాపు, కఫం, గొట్టం చుట్టూ కండరం బిగుసుకోవడం.

గొట్టం కాస్త సన్నబడితే ఏమవుతుంది అంటారా? దాని వ్యాసం సగమైతే గాలికి అడ్డు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. ఇది భౌతికశాస్త్రం లెక్క. మంచి గొట్టంలో ఒక పిసరు వాపు వస్తే మనకి తెలియదు. అప్పటికే సన్నబడిపోయిన గొట్టంలో అదే పిసరు వాపు వస్తే ఊపిరే ఆడదు. జలుబు ఒకటే అయినా ఒకడికి తుమ్ములు, ఇంకొకడికి ఐసీయూ అయ్యేది ఇందుకే.

ఆయాసం అంటే ఏమిటో ఇప్పుడు మీ చేతే చేయిద్దాం. గుండెజబ్బున్నవాళ్ళు చేయకండి, చూస్తూ ఉండండి చాలు. మిగతావాళ్ళు గుండెల నిండా గాలి పీల్చండి. పీల్చారా? ఇప్పుడు కొంచెమే వదలండి. కొంచెమే! మళ్ళీ పీల్చండి. మళ్ళీ కొంచెమే వదలండి. మళ్ళీ పీల్చండి. ఎలా ఉంది? చాలు, వదిలేయండి, వదిలేయండి. అదీ సంగతి. మీరందరూ ఊపిరి లోపలికి పోకపోవడమే ఆయాసం అనుకుంటారు. కాదు. లోపలికి పోయింది బయటికి రాకపోవడం. ఛాతీ డప్పులా ఉబ్బిపోతుంది, కొత్త గాలికి చోటుండదు. మీరు చేసింది పది సెకన్లు. మా రోగి రాత్రంతా అలాగే మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుంటాడు.

ఇంతటితో ఆగదు. మాలియా గారి ప్రయోగంలో ఇంకో భాగం ఉంది. వైరస్ వేసిన తర్వాత కొన్ని వారాల పాటు కఫంలో బాక్టీరియా కూడా చూశారు. జబ్బులేని, పొగతాగని వాళ్ళలో పదిమందిలో ఒకరికి కనబడింది. సీఓపీడీ ఉన్నవాళ్ళలో పదిమందిలో ఆరుగురికి. అదీ వైరస్ తగ్గుముఖం పట్టాక, సుమారు పదిహేనో రోజు ప్రాంతంలో ఎక్కువగా. కారణం కూడా పట్టుకున్నారు. వైరస్ మీదికి దండెత్తి వచ్చిన తెల్లకణాలు ఎలాస్టేజ్ అనే ఎంజైము వదులుతాయి. అది గొట్టాల్లో సహజంగా ఉండే క్రిమినాశక ప్రొటీన్లని తినేస్తుంది. కాపలా పోయింది. అక్కడే మూల కూర్చున్న బాక్టీరియా లేచింది.

ఆ బాక్టీరియాల్లో ఒకదాని పేరు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే. పేరులో ఫ్లూ ఉంది కదా, కానీ ఫ్లూ తెప్పించేది అది కాదు. 1892లో ఫైఫర్ అనే జర్మన్ ఆయన ఫ్లూ రోగుల కఫంలో దాన్ని చూసి ఇదే దొంగ అనుకున్నాడు. ఆయన చూసింది వైరస్ వెళ్ళిపోయాక వచ్చినవాణ్ణి. నూటపాతికేళ్ళు దాటినా పేరు అలాగే ఉంది. మనం కూడా గళ్ళ పచ్చబడ్డాక మేలుకుని, పచ్చదనమే జబ్బు మొదలు అనుకుంటాం.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. పెద్దవాళ్ళ ముందు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పాలి. తిరగబెట్టింది, ఇంజెక్షన్లు చేయించుకున్నాం, తగ్గిపోయింది అని ఇంటికి వెళ్తారు. తగ్గిపోయిందా? లండన్ డైరీలే చూద్దాం. ముప్పై అయిదు రోజులకి నలుగురిలో ముగ్గురు మాత్రమే తమ పాత స్థాయికి వచ్చారు. మూడు నెలలైనా నూటికి ఏడుగురు రాలేదు. కొంతమందికి అంతే, ఆ మెట్టు దిగిపోయినట్టే. తరచూ తిరగబెట్టేవాళ్ళు ఒక్క సెకనులో బలంగా ఊదగలిగే గాలి ఏడాదికి 40 మిల్లీలీటర్లు తగ్గితే, అరుదుగా తిరగబెట్టేవాళ్ళకి 32. ఎనిమిదేగా అనకండి. పదేళ్ళు లెక్కెయ్యండి. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో డెబ్భైవేల మందికి పైగా రోగుల్ని చూశారు. సీఓపీడీతో మొదటిసారి ఆసుపత్రిలో చేరినవాళ్ళలో సగం మంది నాలుగేళ్ళ లోపే పోయారు. గుండెపోటు వచ్చిందంటే ఊరంతా పరామర్శకి వస్తుంది. ఆయాసంతో ఆసుపత్రిలో పడ్డాడంటే "ఆయనకి మామూలేగా" అంటారు. మామూలు కాదండీ. అది ఊపిరితిత్తుల పోటు.

గుండె మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తా. కెనడాలోనే ఒంటారియోలో 2018లో తేల్చారు. ఫ్లూ అని పరీక్షలో రుజువైన మొదటి వారం రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు కంటే ఆరింతలు. మన దగ్గర ఆయాసమూ గుండెజబ్బూ రెండూ ఉన్నవాళ్ళు ఎంతమంది? ఈ హాల్లోనే బోలెడంత మంది.

ఇదంతా లండన్, కెనడా అని కొట్టిపారేయకండి. మనందరి కళ్ళ ముందే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 2020. కోవిడ్ అనగానే మనకి చావులే గుర్తొస్తాయి, తప్పులేదు. కానీ ఆ ఏడాది ఛాతీ డాక్టర్లు ఒక విచిత్రం చూశారు. సీఓపీడీ తిరగబెట్టి ఆసుపత్రుల్లో చేరేవాళ్ళు చాలా దేశాల్లో దాదాపు సగానికి పడిపోయారు. అవే ఊపిరితిత్తులు, అవే మందులు, అదే వయసు. మారిందేమిటి? మాస్కులు పెట్టుకున్నారు, జనంలోకి వెళ్ళలేదు, బళ్ళు మూతబడ్డాయి. పొగ కూడా తగ్గిందనుకోండి, దాని వాటా దానికిద్దాం. అయినా పెద్ద వాటా వైరస్‌లు తిరగకపోవడానిదే అని నేనంటాను. ఫ్లూలో బీ యమగాటా అని ఒక వంశం ఉండేది. 2020 మార్చి తర్వాత అది ప్రపంచంలో మళ్ళీ కనబడలేదు. మనం ఇళ్ళల్లో కూర్చునే ఒక వైరస్ వంశాన్ని మాపేశాం! నాలుగు రకాల ఫ్లూ టీకా ఇప్పుడు మళ్ళీ మూడు రకాలకి దిగిందంటే కారణం అదే.

మరి జీవితాంతం మాస్కేసుకుని గదిలో కూర్చోమంటారా? అనను. మనవల్ని ఎత్తుకోకుండా బతికేం లాభం? ఎప్పుడు జాగ్రత్త పడాలో తెలిస్తే చాలు.

ఎప్పుడు? చలికాలం ఒక్కటే అనుకుంటారు. మన దేశంలో ఫ్లూకి రెండు ఊపులుంటాయి. ఒకటి జనవరి నుంచి మార్చి దాకా. రెండోది వానలతో, జూలై నుంచి సెప్టెంబరు ప్రాంతంలో. మనకి దక్షిణాదిన వానాకాలం ఊపు బలమైనది. ఇంగ్లండ్‌లో, కెనడాలో ఏటా సెప్టెంబరులో బళ్ళు తెరిచిన రెండు మూడు వారాలకి ఆస్తమా పిల్లలతో ఆసుపత్రులు నిండుతాయి. పిల్లలు ఒకరి జలుబు ఒకరికి ఇచ్చుకుని ఇంటికి మోసుకొస్తారు. మనకి బళ్ళు తెరిచేది ఎప్పుడు? జూన్ రెండోవారం. అప్పుడే తొలకరి, అప్పుడే మృగశిర కార్తె. మృగశిర కార్తె అంటే ఏం గుర్తొచ్చింది? హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం. నవ్వకండి, నమ్మేవాళ్ళు మన మధ్యే ఉన్నారు. దాంతో ఉబ్బసం నయమవుతుందనడానికి వైద్యపరంగా రుజువు లేదు, నేను పంపను. కానీ ఆ తేదీ మాత్రం ఆలోచించదగ్గది. ఊపిరి బాధ ముదిరే కాలం ఏదో మన జనానికి తెలుసు. ఇంకో పక్క, దగ్గుతున్న వేలమందిని ఆ కాలంలోనే ఒక చోట చేర్చి వరసలో నిలబెట్టడం వైరస్‌కి ఎంత పండగో కూడా ఆలోచించండి.

జనవరి ఊపు సంగతి చూస్తే, దాని మొదట్లోనే భోగి. తెల్లవారుజామున పిడకలు వేస్తే వేశారు, పాత టైర్లు వేస్తారే, అది పండగా? ఇంట్లో ఉబ్బసం పిల్లాడు జలుబుతో ఉంటే వాణ్ణి తీసుకెళ్ళి ఆ మంట ముందు నిలబెడతారు. తర్వాత తలంటి సాంబ్రాణి వేస్తారు. జలుబు చేసింది కదా, తల ఆరాలి కదా అని అమ్మమ్మ ప్రేమ. వాపు మీద ఉన్న గొట్టానికి ఆ పొగ కారమే. పొగ, వైరస్ రెండూ కలిస్తే ఒక్కొక్కటి విడిగా చేసేదానికంటే ఎక్కువ చేస్తాయి. జలుబున్న వారం సాంబ్రాణి వద్దు, దోమల చక్రం వద్దు, అగరొత్తులు కూడా వద్దు, దేవుడు ఏమీ అనుకోడు.

టీకాల మాట. రైనోవైరస్‌కి టీకా లేదు. నూటయాభైకి పైగా రకాలున్నాయి, దేనికని చేస్తారు? ఫ్లూకి ఉంది. ఏటా వేయించుకోవాలి, ఎందుకంటే ఆ వైరస్ ఏటా వేషం మారుస్తుంది. థాయ్‌లాండ్‌లో సీఓపీడీ రోగుల్లో సగం మందికి ఫ్లూ టీకా, సగం మందికి ఉత్త ఇంజెక్షన్ ఇచ్చి ఏడాది చూశారు. టీకా వేసినవాళ్ళలో ఫ్లూ వల్ల వచ్చే శ్వాస జబ్బులు నూటికి 76 వంతులు తగ్గాయి. మన వాతావరణానికి దగ్గర దేశం కాబట్టి ఈ లెక్కే మీకు చెప్తున్నా. వేయించుకునేది అక్టోబరులో కాదు. మనకి వానలకి ముందు, ఏప్రిల్, మే నెలల్లో. "డాక్టరు గారూ, పోయినేడు టీకా వేయించుకున్నా జలుబు వచ్చింది" అంటారు. వస్తుంది. అది ఫ్లూ టీకా, జలుబు టీకా కాదు. న్యుమోనియా తెప్పించే న్యుమోకాకస్ అనే బాక్టీరియాకి టీకా వేరే, అది ఏటా అక్కర్లేదు, మీ డాక్టరునడిగి వేయించుకోండి.

మీలో చాలామంది అమెరికా వెళ్ళొస్తుంటారు. కూతురి పురుడికో, మనవణ్ణి చూసుకోవడానికో, చలికాలంలో ఆరు నెలలు. అక్కడ మనవడు డేకేర్‌కి వెళ్తాడు. డేకేర్ నుంచి వాడు తెచ్చేవాటిలో ఆర్‌ఎస్‌వీ ఒకటి. 1956లో చింపాంజీల్లో మొదట దొరికిన వైరస్ ఇది. పసిపిల్లల జబ్బు అనుకుంటారు గానీ పెద్దవయసు ఊపిరితిత్తుల్ని బాగా పడగొడుతుంది. దానికి 2023లో అక్కడ టీకాలకి అనుమతి వచ్చింది. 75 దాటినవాళ్ళకీ, అంతకంటే చిన్నవాళ్ళలో సీఓపీడీ లాంటివి ఉన్నవాళ్ళకీ వేయించుకోమంటున్నారు. ఈసారి వెళ్తే అల్లుడిగారిని అడగడానికి మొహమాటపడకండి. ఇంకా, 2025 జనవరిలో టీవీలు హెచ్‌ఎంపీవీ, చైనా వైరస్ అని మూడు రోజులు ఊదరగొట్టాయి కదా? అది 2001లోనే నెదర్లాండ్స్‌లో గుర్తించిన పాత వైరస్. ఏటా తిరుగుతూనే ఉంది. భయపడాల్సిన కొత్తదేం కాదు, సీఓపీడీ ఉన్నవాళ్ళు తేలిగ్గా తీసుకోవాల్సినదీ కాదు.

ఇంక జలుబు వచ్చేసింది. ఏం చేయాలి? అన్నిటికంటే ముందు, రోజూ పీల్చే ఇన్‌హేలర్ ఆపకూడదు. అలవాటైపోతుంది, ఇది ఆఖరి మందు, జలుబులో పీలిస్తే చలవ చేస్తుంది, ఇవన్నీ చెప్పి సరిగ్గా అవసరమైన వారంలోనే మానేస్తారు. రెండోది, గళ్ళ రంగు, ఆయాసం రెండూ గమనించండి. ఆయాసం పెరిగింది, గళ్ళ పెరిగింది, తెల్లగా ఉన్నది పచ్చబడింది అంటే బాక్టీరియా దిగిందని అనుమానం, అప్పుడు యాంటీబయాటిక్‌కి అర్థముంది. కెనడాలోని విన్నిపెగ్‌లో 1987లో తేల్చిన సూత్రం ఇది, ఇప్పటికీ చెల్లుతోంది. ముక్కు కారిన మొదటిరోజే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుంటే వైరస్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఫ్లూ అని డాక్టరుకి అనుమానమొస్తే దానికి వేరే మందుంది, అది 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పని చేస్తుంది. వారం ఓర్చుకుని వస్తే మేమేం చేస్తాం?

స్టెరాయిడ్ మాత్రల సంగతి. తిరగబెట్టినప్పుడు మేము ఇస్తాం, పని చేస్తాయి. స్విట్జర్లాండ్‌లో 2013లో అయిదు రోజులిచ్చినవాళ్ళనీ పద్నాలుగు రోజులిచ్చినవాళ్ళనీ పోల్చారు. తేడా లేదు. అయిదు రోజులు చాలు. కానీ కొందరు ఆ చీటీ దాచుకుని, ఎప్పుడు ఎగపోసినా అవే మాత్రలు నెలల తరబడి వేసుకుంటారు. షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లవుతాయి, మొహం ఉబ్బుతుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ చేసే ఇంజెక్షన్‌లో కూడా చాలాసార్లు అదే ఉంటుంది. గంటలో తేలికపడుతుంది, నిజమే. ఏం చేశాడో అడగండి, ఎన్నిసార్లు చేశాడో రాసి పెట్టుకోండి.

ఆక్సిజన్ గురించి ఒక్క మాట, కోవిడ్ తర్వాత ఇళ్ళల్లో సిలిండర్లు, కాన్సన్‌ట్రేటర్లు మిగిలిపోయాయి కాబట్టి. సీఓపీడీ మనిషికి ఆయాసం రాగానే కొడుకు ప్రేమతో ఫుల్లుగా తిప్పేస్తాడు. వద్దు. ఎక్కువ ఆక్సిజన్‌తో కొందరికి లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోతారు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా రాష్ట్రంలో 2010లో ఆంబులెన్సుల్లోనే పోల్చి చూశారు. వేలికి పెట్టే మీటరు 88 నుంచి 92 మధ్య ఉండేట్టు కొలిచి ఇచ్చినవాళ్ళలో చావులు, ధారాళంగా ఇచ్చినవాళ్ళతో పోలిస్తే సగం కూడా లేవు. మీరు బాగున్న రోజున మీ మీటరు ఎంత చూపిస్తుందో కాలెండరు మీద రాసి పెట్టుకోండి. పక్కింటాయన 98 చూసుకుని మీరు కంగారు పడొద్దు. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, మనిషి మత్తుగా, పొంతన లేకుండా మాట్లాడినా మాత్రం మీటరు చూస్తూ కూర్చోకండి, 108కి ఫోను చేయండి.

ఎవరికి మళ్ళీ తిరగబెడుతుందో ముందే తెలుస్తుందా అని చీటీ మీద రాసి పంపారు. తెలుస్తుంది. 2010లో రెండువేల మందికి పైగా రోగుల్ని మూడేళ్ళు గమనించి చెప్పారు. ఎక్స్‌రే కాదు, రక్తపరీక్ష కాదు. పోయినేడు ఎన్నిసార్లు తిరగబెట్టింది? రెండుసార్లా? అయితే ఈ ఏడూ మీకే ఎక్కువ. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ లెక్క మీరే చెప్పండి, ఇంట్లో ఓర్చుకున్నవి కూడా కలిపి. మీరు చెప్పలేకపోతే మీ ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళండి.

ఇన్‌హేలర్ జేబులో ఉన్నవాళ్ళు ఎంతమంది? మంచిది, ఆరేడుగురున్నారు. టీ తాగే లోపు ఒక్కొక్కరు ఇటు రండి. మీరు ఎలా పీలుస్తారో అలాగే నా ముందు పీల్చి చూపించండి, నేనేం చెప్పను, ముందు చూస్తాను. అమ్మా, మీరు సంచిలో వెతుకుతున్నారు, పీల్చాక నోరు పుక్కిలించడానికి నీళ్ళ సీసా కూడా తెచ్చుకోండి.